బుడ్లన్నీ అడుగునే పడున్నాయి, ఈ థర్మామీటర్ పాడైందంటారా?

కొలువు_పిన్ని · డిసెంబర్ 21, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది విశాఖ ఎంవీపీ కాలనీ. మా అబ్బాయి షికాగో నుంచి స్నేహితుడి పెట్టెలో ఒక గాజు వస్తువు పంపించాడు. క్రిస్మస్ రోజుల్లో అక్కడ ఒకరికొకరు ఇలాంటివి ఇచ్చుకుంటారట. జానెడున్నర ఎత్తు గాజు గొట్టం, రెండు వైపులా మూసేసి ఉంది. లోపల నీళ్లలా తేటగా ఏదో ఉంది. అందులో ఐదు రంగుల గాజు బుడ్లు. ఒక్కో బుడ్డి కింద ఒక ఇత్తడి బిళ్ల వేలాడుతోంది. బిళ్లల మీద పైనుంచి వరసగా 80, 76, 72, 68, 64 అని చెక్కి ఉంది. "వేడిని బట్టి పైకీ కిందికీ కదులుతాయి, చూడమ్మా" అన్నాడు.

మూడు రోజులైంది. ఒక్కటీ కదల్లేదు. ఐదూ అడుగున ఒకదాని నెత్తిన ఒకటి కూర్చున్నాయి. కింద వాటా వాళ్లు కేకు ఇవ్వడానికి వచ్చారు. వాళ్ల పిల్లాడు దీని ముందు కూర్చుని "చేపలేవి ఆంటీ?" అన్నాడు. ఏం చెప్పను?

దారిలో పాడైపోయిందా? నేను తిప్పాల్సినదేమైనా ఉందా? వాడికి ఫోన్ చేసి పాడైందంటే బాధపడతాడు.

సాగరతీరం · డిసెంబర్ 21, రాత్రి 9:30

ఒకసారి తలకిందులు చేసి గట్టిగా ఊపి చూడండి. బుడ్లు ఇరుక్కుని ఉంటాయి.

లెక్కల_మాస్టారు · డిసెంబర్ 21, రాత్రి 9:41

దయచేసి ఊపొద్దు! గాజులో గాజు. ఒక బుడ్డి చిట్లిందంటే దానిలోని రంగంతా గొట్టంలో కలిసిపోతుంది, ఇక అది జన్మలో పైకి లేవదు.

అమ్మా, మీ వస్తువు నిక్షేపంలా ఉంది. దీన్ని గెలీలియో థర్మామీటర్ అంటారు. ఆ అంకెలు ఫారన్‌హీట్‌లో ఉన్నాయి. 80లోంచి 32 తీసేసి, 5తో గుణించి 9తో భాగిస్తే సుమారు 26.7 సెల్సియస్. అంటే మీ గొట్టానికి తెలిసిన అత్యధిక వేడి 26.7. మీ హాల్లో ఇప్పుడెంత ఉందంటారు?

కొలువు_పిన్ని · డిసెంబర్ 21, రాత్రి 9:55

గోడ గడియారంలో 28 చూపిస్తోంది మాస్టారూ. 80 అని చూసి నేను నీళ్లు కాగే వేడేమో అనుకుని బెదిరాను కూడా!

లెక్కల_మాస్టారు · డిసెంబర్ 21, రాత్రి 10:20

అయితే లెక్క సరిపోయింది. బుడ్లన్నీ అడుగున ఉన్నాయంటే "ఇక్కడ 26.7 కన్నా వేడిగా ఉంది" అని అది సరిగ్గానే చెబుతోంది. షికాగోలో హీటర్ పెట్టుకున్న గది కోసం చేసిన వస్తువు మన సముద్రపు ఒడ్డుకొచ్చి కూర్చుంది, అంతే.

పని చేసే తీరు తేలికే. వేడెక్కితే గొట్టంలోని ద్రవం ఉబ్బుతుంది, పలచబడుతుంది. పలచబడితే బుడ్డిని మోసే బలం తగ్గి బుడ్డి మునుగుతుంది. చల్లబడితే ద్రవం చిక్కబడి బుడ్డిని పైకి ఎత్తుతుంది. బుడ్డి మూసిన గాజు కాబట్టి దాని ఘనపరిమాణం మారీ మారనట్టే ఉంటుంది. లోపలి రంగుకి ఈ పనిలో పాత్రేమీ లేదు, అందానికే. అన్నిట్లోకీ తేలికైనది 80 బిళ్ల బుడ్డి, బరువైనది 64. చల్లబడేటప్పుడు ముందు లేచేది 80.

చదవడం ఇలా: పైన తేలుతున్న వాటిలో అన్నిటికన్నా కిందున్న బుడ్డి బిళ్ల చూడండి. మునిగిన వాటిలో అన్నిటికన్నా పైనున్నది చూడండి. గది వేడి ఆ రెండు అంకెలకీ మధ్య ఉంటుంది. ఏదైనా బుడ్డి అటూ ఇటూ కాకుండా నడుమ వేలాడుతుంటే దాని అంకే వేడి.

బ్యాటరీ_బాబాయ్ · డిసెంబర్ 21, రాత్రి 10:48

ఏటండి మాస్టారూ, ఇదంతా మా కొట్లో రోజూ చేసే పనే కదా. ఇన్వర్టర్ బ్యాటరీ యాసిడ్ గొట్టంలోకి లాగి తేలేదాన్ని చూస్తాం. పైకి తేలితే చార్జింగ్ ఉన్నట్టు, మునిగితే లేనట్టు. పాలకేంద్రంలో ల్యాక్టోమీటరూ అంతే, పాలల్లో నీళ్లు కలిస్తే మునిగిపోద్ది. మా అయ్య విత్తనాలకి ఉప్పునీళ్లు కలిపినప్పుడు కోడిగుడ్డు వేసి చూసేవోడు. గుడ్డు తేలితే ఉప్పు చాలినట్టు, అప్పుడు వడ్లు పోస్తే తాలు గింజలన్నీ పైకొచ్చేసేవి.

అవి చిక్కదనం చెబుతాయి, ఇది చిక్కదనం చూసి వేడి చెబుతోంది. అంతేనా?

లెక్కల_మాస్టారు · డిసెంబర్ 21, రాత్రి 11:02

అంతే బాబాయ్. ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను, కోడిగుడ్డు నాకెప్పుడూ తట్టలేదు.

పాత_పోస్టాఫీసు · డిసెంబర్ 22, ఉదయం 7:05

లోపలున్నవి మామూలు నీళ్లేనా? అయితే ఇంట్లోనే చేసుకోవచ్చుగా. గాజు సీసా, చిన్న బుడ్లు, కాస్త రంగు.

లెక్కల_మాస్టారు · డిసెంబర్ 22, ఉదయం 8:15

నీళ్లు కావు, అదే కిటుకు. గది వేడి దగ్గర ఒక్కో డిగ్రీకి నీళ్లు పదివేలలో రెండు వంతులే ఉబ్బుతాయి. ఆల్కహాల్‌గానీ పారఫిన్ జాతి నూనెగానీ వెయ్యిలో ఒక వంతు వరకూ ఉబ్బుతాయి, అంటే నీళ్లకి దాదాపు ఐదు రెట్లు. అందుకే అలాంటి ద్రవాలు వాడతారు.

ఇంట్లో చేయడం అనుకున్నంత తేలిక కాదు, ఎందుకో లెక్క కడతాను. ఒక బుడ్డి 20 మిల్లీలీటర్లనుకోండి. అది పక్కకి నెట్టే ద్రవం బరువు 16 గ్రాములు. పిన్నిగారి బిళ్లల మధ్య తేడా 4 ఫారన్‌హీట్, అంటే 2.2 సెల్సియస్. ఆ మాత్రం వేడికి ద్రవం పలచబడేది వెయ్యిలో 2.2 వంతులు. 16 గ్రాముల్లో అది సుమారు 35 మిల్లీగ్రాములు. పాతకాలం కంసాలి తూకానికి వాడిన గురిగింజ బరువు 120 మిల్లీగ్రాములు. అందులో మూడో వంతు కూడా లేదు! సమానమైన బుడ్లనుకుంటే ఒకదానికీ పక్కదానికీ ఉండాల్సిన తేడా అంతే.

పైగా నోటితో ఊదిన బుడ్లు ఏ రెండూ సమానంగా రావు. ఆ లోటంతా సరిదిద్దేది కింద వేలాడే బిళ్ల. అంకె చెక్కడానికే కాదు, తూకం కుదర్చడానికే అది ఉంది. బిళ్ల ఊడిపోయిందంటే ఆ బుడ్డి ఎంత ఎండలోనైనా పైనే తేలుతూ కూర్చుంటుంది.

గాజువాక_గాలి · డిసెంబర్ 22, ఉదయం 9:40

ఇప్పుడర్థమైంది! పోయినేడాది ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించాను. పెట్టె విప్పితే నీలం బుడ్డి పైన, మిగతావి కింద. రోజంతా అంతే. అడుగున చూస్తే బిళ్ల విడిగా పడి ఉంది. ఆ అమ్మకందారుకి ఫొటో పెడితే "వాతావరణాన్ని బట్టి అలాగే ఉంటుంది సార్" అని జవాబు. నాలుగుసార్లు మొత్తుకున్నాక డబ్బు వెనక్కొచ్చింది.

రుషికొండ_రాత్రిడ్యూటీ · డిసెంబర్ 22, మధ్యాహ్నం 1:10

మా ఆఫీసులో సీక్రెట్ శాంటా, అంటే పేరు చెప్పకుండా ఒకరికొకరు కానుకలిచ్చుకోవడం. 500 లోపే కొనాలని రూలు. నాకు మూడు బుడ్ల బుల్లి గొట్టం వచ్చింది. అది మా వరసలో పెద్ద రచ్చకి దారితీసింది.

మా దగ్గర ఏసీ గొడవ ఎప్పుడూ ఉన్నదే. ఒకావిడ శాలువా కప్పుకుని కూర్చుంటుంది, పక్కాయన ఫైలుతో విసురుకుంటాడు. కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలని 2020 జనవరి 1 నుంచి రూలుంది కదా, ఫెసిలిటీస్ వాళ్లు అదే పట్టుకుని "24 ఉంది సార్" అంటారు. నా గొట్టం 24 బుడ్డి మాత్రం రోజూ మునిగే ఉంది, 26 తేలుతోంది. శాలువా ఆవిడ టేబుల్ మీద పెడితే గంటన్నరకి 24 కూడా లేచింది, 22 మాత్రం అడుగునే. ఒకే హాల్లో, నాలుగు బల్లల దూరంలో! ఇప్పుడు గొట్టం కోసం వరస కట్టారు.

డాల్ఫిన్_నోస్ · డిసెంబర్ 22, మధ్యాహ్నం 2:25

నా అభిప్రాయం నచ్చకపోవచ్చు. అందంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ మన ఊళ్లో ఏడాదిలో పది నెలలు అడుగున నిద్రపోయే వస్తువు బహుమతిగా ఎందుకు? అదే డబ్బుకి ఏటికొప్పాక లక్క బొమ్మలు ఇవ్వండి. అంకుడు కర్ర, చెట్ల రంగులు, 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పగలవు. పిల్లాడు నోట్లో పెట్టుకున్నా గుండె గుభేల్మనదు.

పాత_పోస్టాఫీసు · డిసెంబర్ 22, మధ్యాహ్నం 3:00

పైగా గృహప్రవేశానికి గాజు వస్తువు ఇస్తే మా అత్తగారు వారం రోజులు మాట్లాడరు.

అరకు_చలి · డిసెంబర్ 22, సాయంత్రం 5:50

విశాఖలో నిద్రపోతుందేమో గానీ మా దగ్గర నిద్రపోనివ్వం. అరకులో మాకు నాలుగు గదుల బస ఉంది. ఒక అతిథి వదిలి వెళ్లిన గొట్టాన్ని వరండా బల్ల మీద పెట్టాం. ఇప్పుడు తెల్లవారి చూస్తే ఐదు బుడ్లూ పైన మూతి దగ్గర తోసుకుంటూ ఉంటాయి, రైల్వే కౌంటర్ దగ్గర జనంలా. 64 కూడా తేలిందంటే 18 కన్నా కింద ఉన్నట్టు. నిజానికి చాలా కిందే, ఎంతో చెప్పే బుడ్డి లేదు. పదకొండుకి ఎండ వరండాలోకి వస్తే ఒక్కొక్కటీ దిగుతాయి. రైలు దిగి వచ్చినవాళ్లు కాఫీ గ్లాసులు పట్టుకుని దాని చుట్టూ నిలబడి "ఇప్పుడు పడేది పచ్చది" అని పందేలు.

పిన్నిగారూ, మీ దాన్ని చలికాలం సెలవులకి ఇటు పంపించండి.

కొలువు_పిన్ని · డిసెంబర్ 22, రాత్రి 8:30

పంపను! నేను నిన్న రాత్రే మా పడగ్గదిలో ఏసీ 24 పెట్టి, దీన్ని ఎదురుగా స్టూలు మీద పెట్టుకుని కూర్చున్నాను. మావారు "డిసెంబర్‌లో ఏసీ ఏమిటే" అని దుప్పటి ముసుగేశారు.

గంట దాటింది, ఏమీ లేదు. గంటంపావుకి 80 బుడ్డి, ఎర్రది, కాస్త ఒరిగింది. బిళ్ల కింది బుడ్డి నెత్తికి తగులుతూనే ఉంది, బుడ్డి మాత్రం లేవాలా వద్దా అన్నట్టు ఊగింది. తర్వాత బిళ్ల కూడా వదిలింది. చప్పుడు లేదు, బుడగ లేదు. నూనెలో వేసిన అప్పడంలా చటుక్కున లేస్తుందనుకున్నాను. కాదు, వెంకన్న కొండ మెట్లెక్కే ముసలమ్మలా ఆగి ఆగి వెళ్లింది. ఇంకో ముప్పావుగంటకి 76 కూడా. 72 కోసం పన్నెండు దాకా చూసి నిద్రపోయాను.

అబ్బాయికి వీడియో తీసి పంపాను. అంత ఆలస్యం మామూలేనా మాస్టారూ?

లెక్కల_మాస్టారు · డిసెంబర్ 22, రాత్రి 9:15

మామూలే. గది చల్లబడాలి, తర్వాత గాజు, ఆ తర్వాత లోపలి ద్రవమంతా చల్లబడాలి. దీన్ని మొదట చేసినవాళ్లు పెట్టుకున్న పేరే "నెమ్మది థర్మామీటర్".

చేసింది గెలీలియో కాదు, ఆ సంగతీ చెప్పేస్తాను. వేడికి ద్రవాల సాంద్రత మారుతుందన్నది ఆయన ఎరిగిన విషయం, గాలి ఉబ్బడం మీద నడిచి వేడి హెచ్చుతగ్గులు చూపే థర్మోస్కోపు కూడా ఆయన పేరు మీద ఉంది. కానీ ఆయన 1642లోనే పోయారు. ఫ్లారెన్స్‌లో మెడిచి రాజకుటుంబం అండతో 1657లో మొదలైన ప్రయోగాల అకాడమీ ఉండేది, పదేళ్లు నడిచింది. అందులో గెలీలియో శిష్యుల వారసత్వం ఉంది. ఈ తేలే బుడ్ల పరికరం అక్కడిది. బుడ్లు ఊదిన గాజు పనివాళ్లు దొరక్కపోతే ఆ అకాడమీ సగం ప్రయోగాలు కాగితం మీదే ఉండేవని నా అనుమానం. పేరు మాత్రం గురువుగారికి పోయింది.

సాగరతీరం · డిసెంబర్ 22, రాత్రి 9:50

సరే, ఊపమన్నందుకు క్షమించండి. ఇంకో ప్రశ్న. ఇలాంటిదే గాజు బుడ్డిలో తెల్లటి ముత్యాల్లా పేరుకునేది చూశాను, తుఫాను ముందే చెబుతుందన్నారు. హుద్‌హుద్ చూసినవాళ్లం, అలాంటిదుంటే కొనుక్కుంటాం.

డాల్ఫిన్_నోస్ · డిసెంబర్ 22, రాత్రి 10:30

అది వేరే వస్తువు, తుఫాను గాజు. ఓడ కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ వల్ల పేరొచ్చింది. డార్విన్ ప్రయాణించిన బీగిల్ ఓడ నడిపింది ఆయనే, 1854లో బ్రిటన్ వాతావరణ శాఖ మొదలుపెట్టిందీ ఆయనే. లోపల ఆల్కహాల్, నీళ్లు, కర్పూరం, నవాసాగరం, సురేకారం. పూర్ణా మార్కెట్‌లో పచారీ చీటీ రాసినట్టే ఉంది కదా! చలికి కర్పూరం పలుకులు కడుతుంది, వేడికి కరుగుతుంది. అంతకు మించి తుఫాను సంగతి దానికి తెలియదు.

హుద్‌హుద్ వచ్చిన 2014 అక్టోబర్ 12న ఆ గాజు మన బల్ల మీద ఉంటే కిటికీతో పాటు ఎగిరిపోయేది. తుఫాను కబురుకి మన ఊళ్లోనే తుఫాను హెచ్చరికల కేంద్రం ఉంది, వాళ్ల బులెటిన్ చూసుకోండి.

మే_నెల_బాధితుడు · డిసెంబర్ 23, ఉదయం 10:05

అందరూ అందం గురించి చెబుతున్నారు, నా కథ కూడా వినండి. పెళ్లిరోజు కానుకగా ఒకటి కొని, ఆశ్చర్యపరుద్దామని కారు డిక్కీలో దాచాను. మే నెల. ఆర్కే బీచ్ దగ్గర ఎండలో బండి పెట్టి పెళ్లి భోజనానికి వెళ్లాను. రెండు గంటల తర్వాత డిక్కీ తీస్తే గుప్పుమని కిరసనాయిలు లాంటి వాసన. గొట్టం నిలువునా చీలింది. బుడ్లు మాత్రం ఒక్కటీ పగల్లేదు, స్టెప్నీ గుంటలో గోళీల్లా దొర్లుతున్నాయి. ఆ వాసన దసరా దాకా పోలేదు. ఆశ్చర్యపోయింది నేనే.

లెక్కల_మాస్టారు · డిసెంబర్ 23, ఉదయం 11:30

అయ్యో. గొట్టం పైభాగాన కాస్త ఖాళీ వదులుతారే, అది ద్రవం ఉబ్బడానికే. మూసిన డిక్కీ 60 డిగ్రీలకి పోయిందనుకుంటే 25 నుంచి లెక్కేస్తే 35 డిగ్రీల పెరుగుదల. అర లీటరు ద్రవం 17 మిల్లీలీటర్ల పైగా ఉబ్బుతుంది. ఖాళీ అంతకన్నా తక్కువుంటే గాజు తట్టుకోలేదు.

కాబట్టి ఎండ తగిలే కిటికీ వద్దు, గ్యాస్ పొయ్యి పక్క వద్దు, టీవీ మీద వద్దు. చాలా గొట్టాల్లో ఉండేది మండే ద్రవం. దేవుడి గదిలో దీపం పక్కన అసలే పెట్టొద్దు. అలాంటి ద్రవం ఉన్నవి విమానం సామానులోనూ ఒప్పుకోరు. మీ అబ్బాయి స్నేహితుడి అదృష్టం బాగుంది పిన్నిగారూ, ఇంకోసారి అలా పంపొద్దని చెప్పండి.

పగిలితే పొయ్యి, దీపం ఆర్పి, కిటికీలు తీసి, చేతులకి తొడుగులేసుకుని పాత గుడ్డతోనో ఇసుకతోనో అద్దండి. సింకులో పోయొద్దు. పిల్లలెవరైనా మింగితే వాంతి చేయించకండి, ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా ప్రమాదం. తిన్నగా ఆసుపత్రికే.

బ్యాటరీ_బాబాయ్ · డిసెంబర్ 23, మధ్యాహ్నం 12:10

కొనేటప్పుడు ఏది చూడాలో కూడా చెప్పండి. మా చెల్లి కూతురికి కొందామని.

లెక్కల_మాస్టారు · డిసెంబర్ 23, మధ్యాహ్నం 12:40

బిళ్లల మీద అన్నిటికన్నా పెద్ద అంకె ఎంతో చూడండి బాబాయ్, మిగతావన్నీ తర్వాత. సెల్సియస్‌లో 26 అని ఉంటే మనకి చాలదు, 30 దాటితే బాగు. బుడ్లు ఎక్కువుంటే సాధారణంగా పరిధీ ఎక్కువ. క్రిస్మస్ చెట్టుకి వేలాడదీసే బుల్లివి అలంకారానికే అనుకోండి. రెండు మూడు బుడ్లతో అవేం కొలుస్తాయి?

కొలువు_పిన్ని · జనవరి 14, రాత్రి 10:25

మూడు వారాలుగా ఇటు రాలేదు. సంక్రాంతి పనులు, అరిసెలు, బొమ్మల కొలువు. అందరికీ ఒక మాట చెప్పాలని కూర్చున్నాను.

ఈసారి కొలువులో మూడో మెట్టు మీద, మరపాచి బొమ్మలకీ ఏటికొప్పాక పెళ్లి పల్లకీకీ మధ్యన దీన్ని పెట్టాను. డాల్ఫిన్_నోస్ గారూ, రెండూ పక్కపక్కనే ఉన్నాయి, గొడవ పడలేదు. దీపం మాత్రం మాస్టారి మాట మీద అవతలి గోడ దగ్గరికి మార్చాను.

ఇవాళ భోగి. తెల్లవారుజామున మంట వేయడానికి అందరూ కిందికి దిగారు. తలుపులూ కిటికీలూ రాత్రంతా తెరిచే ఉంచాను, సముద్రం మీంచి చల్లగా వస్తోంది. ఐదున్నరకి లైటు వేసి చూస్తే ఏసీ లేకుండానే 80, 76 పైన ఉన్నాయి. ఆకుపచ్చ 72 సరిగ్గా నడుమ వేలాడుతోంది, పైకీ పోదు, కిందికీ రాదు. మాస్టారి లెక్క ప్రకారం 22.2. ఒక్కదాన్నే పది నిమిషాలు చూస్తూ నిలబడ్డాను. కింద నుంచి మావారు పిడకల దండ తెమ్మని కేకలు.

సాయంత్రం భోగిపళ్లు. మనవరాలికి, కింద వాటా పిల్లాడికి, ఇంకా వీధి పిల్లలందరికీ కలిపి పోశాం. పాతిక మందిమి ఆ ఒక్క గదిలో. రేగుపళ్లు, చెరకు ముక్కలు, చిల్లర గలగలా నేలంతా దొర్లాయి. పేరంటం పాటలు అయ్యేసరికి చూస్తే ఎర్రది కూడా అడుక్కి చేరింది. కింద వాటా పిల్లాడే ముందు కనిపెట్టాడు. "ఆంటీ, చేపలు పడుకున్నాయి" అన్నాడు. జనం వెళ్లిపోతే లేస్తాయిరా అన్నాను. వాళ్లమ్మ పిలుస్తున్నా వెళ్లడే! తొమ్మిదిన్నర దాకా కొలువు ముందే కూర్చున్నాడు.

రుషికొండ_రాత్రిడ్యూటీ · జనవరి 14, రాత్రి 10:40

లేచాయా?

కొలువు_పిన్ని · జనవరి 14, రాత్రి 10:52

ఎర్రది ఇప్పుడే ఒరుగుతోంది. వాడేమో సోఫాలో నిద్రపోయాడు.

మాస్టారూ, కనుమ తర్వాత కొలువు ఎత్తేస్తాం. దీన్ని అట్టపెట్టెలో పడుకోబెట్టనా, నిలబెట్టనా?

లెక్కల_మాస్టారు · జనవరి 14, రాత్రి 11:08

నిలబెట్టండి. పడుకోబెడితే బిళ్లలు ఒకదానికొకటి చిక్కుకుంటాయి. పాత చీర చుట్టి, బీరువా కింది అరలో. పెట్టె మీద "అటక ఎక్కించొద్దు" అని రాయండి, మే నెలలో మన అటకలు కారు డిక్కీకి ఏం తీసిపోవు.

బ్యాటరీ_బాబాయ్ · జనవరి 14, రాత్రి 11:15

అరిసెలు మిగిలాయా పిన్నిగారూ? రేపు మీ వైపే ఇన్వర్టర్ పనుంది.